ఆగిన కారు ఆగి ఉండదు

నాదెండ్ల మండలంలో కవరు కప్పుకుని రేకుల షెడ్డులో నిలబడి ఉన్న కార్లు చాలానే కనిపిస్తాయి. కొన్నవాళ్లు హైదరాబాదులోనో బెంగళూరులోనో డాలస్‌లోనో ఉంటారు. ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు బండి నడపడం రాదు, వచ్చినా పెద్దగా పని పడదు. సంక్రాంతికి తిరిగిన కారు మళ్లీ దసరాకే రోడ్డెక్కుతుంది. ఈ మధ్యలో పల్నాడు ఎండాకాలం మొత్తం దాని మీదుగా గడుస్తుంది. ఎండలకు పేరుపడ్డ రెంటచింతల ఉన్న జిల్లా ఇది, మే నెలలో 45 డిగ్రీలు దాటడం ఇక్కడ మామూలే. ఆ వెంటనే వానలు, ఉక్కపోత, నల్లరేగడి తేమ.

పండక్కి కొడుకు దిగి తాళం తిప్పితే బ్యాటరీ పలకదు. పక్కింటి కారు నుంచి కేబుళ్లు వేస్తే ఇంజను అందుకుంటుంది. కష్టం తీరిందనుకుని చిలకలూరిపేట వైపు బయల్దేరతారు. కాస్త దూరం పోయేసరికి అసలు సంగతి బయటపడుతుంది. రేసు ఇస్తే బండి లాగదు. జర్కులు కొడుతుంది. ఆపితే ఇంజను వణికి వణికి ఆగిపోతుంది. ఇక సలహాలు మొదలవుతాయి: ప్లగ్గులు మార్పించు, ఇంజెక్టర్లు కడిగించు, పెట్రోలు పంపు పోయుంటుంది. ఇందులో ఏదైనా నిజం కావచ్చు. కానీ పరీక్షించకుండా ఒక్కో సామానూ మార్చుకుంటూ పోతే రోగం దొరికేలోపు వేల రూపాయలు ఖర్చవుతాయి.

దీనికి మంచి దారి ఒకటుంది. సంక్రాంతినాడు బాగా నడిచిన బండి దసరాకు చెడిందంటే, నిలబడి ఉన్నప్పుడు మారే వస్తువుల్లోనే కారణం ఉంటుంది. నిలబడిన కారులో పిస్టన్ రింగులు అరగవు, క్లచ్ ప్లేటు అరగదు, గేరుబాక్సు పళ్లు అరగవు. రసాయన చర్యలు మాత్రం తమ పని తాము చేసుకుపోతుంటాయి. బ్యాటరీ దిగిపోతుంది, పెట్రోలు మారుతుంది, ఇనుము తుప్పు పడుతుంది, రబ్బరు గట్టిపడుతుంది. వీటికి తోడు ఖాళీగా కనబడిన చోట కాపురం పెట్టే జీవులుంటాయి. అనుమానించాల్సిన జాబితా ఇంతే. ఒక్కోదానికి చౌకైన పరీక్ష ఒకటుంది.

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైనప్పుడు ఈ సమస్య అందరికీ ఒకేసారి ఎదురైంది. కేసులు పెరిగిన నరసరావుపేటలో కట్టడి మరీ గట్టిగా సాగింది. బండ్లు వారాల తరబడి కదల్లేదు. నిలిపిన కారును ఎలా చూసుకోవాలో కార్ల కంపెనీలు అప్పుడు జాగ్రత్తలు ప్రకటించాయి. నెలా రెండు నెలల నిలుపుకే అంత అవసరమైతే, తొమ్మిది నెలల నిలుపుకు ఇంకెంత జాగ్రత్త కావాలి!

మొదట బ్యాటరీ

కారు బ్యాటరీలో ఉన్న రసాయనశాస్త్రం 1859 నాటిది. ఆ సంవత్సరం ఫ్రెంచి శాస్త్రవేత్త గాస్తోన్ ప్లాంటే సీసం పలకల్ని గంధకామ్లంలో ముంచి, మళ్లీ మళ్లీ చార్జి చేయగల బ్యాటరీని తయారుచేశాడు. ఈనాటి కారులోనూ అదే సూత్రం. ఆరు గదులు, ఒక్కో గదిలో రెండు వోల్టులకు కొంచెం పైన. బ్యాటరీ దిగుతున్నప్పుడు రెండు రకాల పలకల మీదా లెడ్ సల్ఫేట్ సన్నటి పొరగా పేరుకుంటుంది. వెంటనే చార్జి చేస్తే ఆ పొర కరిగిపోతుంది. వారాల తరబడి అలాగే వదిలేస్తే సన్నటి రేణువులు కలిసి పెద్ద స్ఫటికాలవుతాయి. అవి తేలిగ్గా కరగవు. పలకలో అంత భాగం ఇక పనికిరాకుండా పోతుంది. దీన్నే సల్ఫేషన్ అంటారు.

బండి ఆపి తాళం తీసేసినా కరెంటు పూర్తిగా ఆగదు. గడియారం, అలారం, సెంట్రల్ లాకు, ఇంజను కంప్యూటరు జ్ఞాపకం అన్నీ కొద్దికొద్దిగా తాగుతుంటాయి. అంతా కలిపి 50 మిల్లీ ఆంపియర్లు అనుకుందాం. రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు. చిన్న కారు బ్యాటరీ సామర్థ్యం సాధారణంగా 35 ఆంపియర్ అవర్లు. అంటే నెల తిరిగేలోపే ఖాళీ. ఇది కాక బ్యాటరీ తనంతట తాను కూడా దిగుతుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే ఆ వేగం దాదాపు రెట్టింపవుతుంది. అందుకే రేకుల షెడ్డు కింద మే నెల బ్యాటరీకి గడ్డుకాలం.

పరీక్షకు కావలసింది కరెంటు పనివాళ్ల దగ్గరుండే మల్టీమీటరు. దాన్ని 20 వోల్టుల డీసీ మీద పెట్టి, ఎర్ర తీగ ప్లస్ టెర్మినల్‌కు, నల్ల తీగ మైనస్‌కు ఆనించాలి. బండి కొన్ని గంటలు కదలకుండా ఉన్నాక 12.6 చూపిస్తే చార్జి నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగం. 12 కంటే తక్కువైతే దాదాపు అయిపోయినట్టు. ఇంజను నడుస్తున్నప్పుడు అదే మీటరు 13.8కీ 14.5కీ మధ్య చూపించాలి. చూపిస్తే బ్యాటరీని చార్జి చేసే ఆల్టర్నేటరు బాగుందని అర్థం. రాత్రంతా చార్జరు పెట్టి తీసిన బ్యాటరీ తెల్లారి 12.6 చూపి, సాయంత్రానికల్లా 12కి జారిపోతే దాని పని అయిపోయింది. దాన్ని మార్చాక మిగతావి చూడాలి.

బ్యాటరీ బలహీనమైతే స్టార్టవదు సరే, నడకెందుకు చెడుతుంది? ఇంజెక్టరు తెరుచుకునేది కరెంటుతో, పెట్రోలు పంపు తిరిగేది కరెంటుతో, ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టేది కరెంటుతో. వోల్టేజి తగ్గితే మూడూ నీరసిస్తాయి. ఇంకో సంగతి. ఎంత గాలికి ఇంజను నిలకడగా తిరుగుతుందో కంప్యూటరు అనుభవంతో నేర్చుకుని గుర్తుపెట్టుకుంటుంది. బ్యాటరీ పూర్తిగా దిగితే చాలా బండ్లలో ఆ జ్ఞాపకం చెరిగిపోతుంది. అది మళ్లీ నేర్చుకునేదాకా కొన్ని కిలోమీటర్లు ఇంజను నిలకడ తప్పడం సహజం. ఆ కాస్త దూరం ఓపిక పట్టాలి.

ఒక హెచ్చరిక. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ ఊడదీసి, ఆగకపోతే ఆల్టర్నేటరు బాగున్నట్టే అని తేల్చడం అంబాసిడర్ల కాలం నాటి అలవాటు. ఇప్పటి కార్లలో అలా చేస్తే వోల్టేజి ఒక్కసారిగా ఎగసి కంప్యూటరు కాలిపోవచ్చు. ఎవరైనా చేయబోతే ఆపండి.

గాలి దారిలో కాపురాలు

లీటరు పెట్రోలు పూర్తిగా మండాలంటే దాదాపు తొమ్మిది వేల లీటర్ల గాలి కావాలి. ఆ గాలంతా ఒక్క గొట్టం గుండా, ఒక్క కాగితం ఫిల్టరు గుండా వెళ్లాలి. దారి మూసుకుపోతే బండికి పికప్ ఎక్కడిది?

బానెట్ ఎత్తి ఎయిర్ ఫిల్టరు పెట్టె క్లిప్పులు తీసి చూడండి. పత్తి పండే ఊళ్లో అందులో ఏం దొరుకుతుందో ముందే ఊహించవచ్చు. దూది, గోనెపట్టా పీచు, వేరుశనగ తొక్కలు, ఎలుక పెంటికలు. వాన రాదు, పిల్లి రాదు, గోడలు దిటవుగా ఉంటాయి. ఎలుకకు ఇంతకంటే మంచి చోటు పొలంలో కూడా దొరకదు. ఫిల్టరు కాగితాన్నే చించి పరుపు చేసుకుంటుంది. వచ్చిన దారిలో వైర్లు కొరుకుతుంది. ఎలుక ముందుపళ్లు బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి, కొరకడం దాని శరీరధర్మం. సెన్సరు వైరు ఒక్కటి సగం తెగినా కంప్యూటరుకు తప్పుడు లెక్క అందుతుంది. రబ్బరు గొట్టానికి చిల్లు పడితే లెక్కలోకి రాని గాలి లోపలికి పోతుంది. పెట్రోలు తక్కువై బండి జర్కులు కొడుతుంది. ఇంజను నడుస్తుండగా బుస్సుమని సన్నటి శబ్దం వస్తే గొట్టాలన్నీ వెలుతురులో తడిమి చూడాలి.

ఎలుకల మీద మిరపను ప్రయోగించడం మన ప్రాంతానికి నచ్చే సంగతి. మిరపకాయలో కారం క్యాప్సైసిన్ అనే పదార్థం వల్ల పుడుతుంది. నాలుక మీద, చర్మం మీద వేడిని పసిగట్టే ఒక ప్రోటీనును అది తట్టిలేపుతుంది. ఆ ప్రోటీనును 1997లో గుర్తించిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి లభించింది. ఎలుకల్లాంటి క్షీరదాలకు ఈ కారం మంటగా తగులుతుంది. పక్షుల్లో ఆ ప్రోటీను దానికి స్పందించదు, అందుకే చిలుక పండుమిరపను హాయిగా తింటుంది. హోండా కంపెనీ అమెరికాలో ఈ క్యాప్సైసిన్ పట్టించిన టేపును వైర్లకు చుట్టుకోవడానికి అమ్ముతోంది. అయితే ఇంజను మీద కారప్పొడి చల్లడం మాత్రం వద్దు. అది గాలిదారిలోకీ, ఏసీ గుండా మన కళ్లలోకీ చేరుతుంది. షెడ్డులో ధాన్యం, తవుడు, వేరుశనగ బస్తాలు లేకుండా చూసుకోవడం అన్నిటికంటే మేలు.

చిన్న పురుగుల్ని తక్కువగా చూడకూడదు. మట్టి గూడు కట్టే కందిరీగకు సన్నటి గొట్టం కనబడితే చాలు. 1996 ఫిబ్రవరి 6న డొమినికన్ రిపబ్లిక్‌లోని ప్యూర్టో ప్లాటా నుంచి లేచిన బోయింగ్ 757 విమానం సముద్రంలో కూలి 189 మంది చనిపోయారు. అంతకుముందు అది వారాల పాటు ఎగరకుండా నిలిచి ఉంది. వేగాన్ని కొలిచే గొట్టం మూసుకుపోయి పైలట్లకు తప్పుడు వేగం చూపించింది. ఆ అడ్డు కందిరీగ గూడే కావచ్చని దర్యాప్తు చేసినవాళ్లు భావించారు. 2011లో మాజ్దా కంపెనీ ఉత్తర అమెరికాలో దాదాపు 65 వేల కార్లను వెనక్కి పిలిచింది. ఒక జాతి సాలీడు పెట్రోలు ఆవిరి పోయే గొట్టంలో గూడు అల్లుతోందని తేలడమే కారణం. ఆ దారి మూసుకుంటే ట్యాంకులో పీడనం తప్పి, ట్యాంకు పగిలే ప్రమాదం ఉంది. మీ బండి ట్యాంకు మూత తీయగానే ఎప్పుడూ లేనంతగా గాలి లోపలికి పీల్చుకుంటే ఈ గొట్టాన్ని అనుమానించండి.

పెట్రోలు పాతబడితే

పెట్రోలు ఒకే పదార్థం కాదు. వందల రకాల హైడ్రోకార్బన్ల మిశ్రమం. కొన్ని 35 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, కొన్నిటికి 200 డిగ్రీలు కావాలి. చల్లటి ఇంజను తేలిగ్గా అందుకోవడానికి ఆ తేలిక భాగమే ఆధారం. పల్నాడు ఎండలో ముందుగా ఆవిరయ్యేదీ అదే. మిగిలిన బరువు భాగంలో కొన్ని అణువులు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నెమ్మదిగా జిగురవుతాయి. ఇంజెక్టరు రంధ్రం వెంట్రుక రెండింతల మందం కూడా ఉండకపోవచ్చు. దానికి ఏ కాస్త జిగురు పట్టినా పిచికారీ చెడి, పెట్రోలు సన్నటి పొగలా పడాల్సింది చుక్కలుగా పడుతుంది. ఆ సిలిండరు మిస్సింగ్ కొడుతుంది.

మిరప చేలో మందు కొట్టే పెట్రోలు పంపులో దీన్ని ఇంకా స్పష్టంగా చూడవచ్చు. పంట అయిపోయాక పెట్రోలుతోనే మూలన పెట్టిన పంపు మరుసటి ఏడు ఎంత లాగినా అందుకోదు. కార్బురేటరు గిన్నె విప్పితే అడుగున పసుపుపచ్చ జిగురు అంటుకుని ఉంటుంది. కారు ట్యాంకు మూసి ఉంటుంది, ఆవిరిని బొగ్గు డబ్బా పట్టి ఉంచుతుంది కాబట్టి మార్పు నెమ్మదిగా జరుగుతుంది. అయినా జరుగుతుంది.

ఇప్పుడు ఇథనాల్ సంగతి. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలును 2023 ఫిబ్రవరి 6న బెంగళూరులో విడుదల చేశారు. ఇప్పుడు బంకుల్లో మామూలుగా దొరికేది అదే. ఇథనాల్ నీటిని ఇష్టంగా కలుపుకుంటుంది. నీరు మితి మీరితే ఇథనాలూ నీరూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగున చేరతాయి. పంపు ముందుగా లాగేది ఆ అడుగుదాన్నే. అది ఇంజనుకు చేరితే బండి కదలదు.

అయితే అంత నీరు గాలిలోని తేమ నుంచి వస్తుందా? లెక్క కడదాం. 30 డిగ్రీల దగ్గర పూర్తిగా తేమ పట్టిన గాలిలో ఘనమీటరుకు 30 గ్రాముల నీరు ఉంటుంది. ట్యాంకులో 20 లీటర్ల ఖాళీ ఉంటే అందులోని గాలిలో ఉన్న నీరు 0.6 గ్రాములు. పగలు వేడికి గాలి వ్యాకోచించి, రాత్రి సంకోచించి మారేది అందులో కొద్ది భాగమే. 10 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలే విడిపోవడానికి ముందు లీటరుకు దాదాపు 5 మిల్లీలీటర్ల నీరు ఓర్చుకుంటుంది, 20 శాతం ఉన్నది ఇంకా ఎక్కువ ఓర్చుకుంటుంది. మూత గట్టిగా బిగిసిన ట్యాంకులో ఒక్క వానాకాలపు తేమతో అది విడిపోవడం జరిగే పని కాదు. ట్యాంకులో నీళ్లు కనబడ్డాయంటే మూత రబ్బరు పగిలి వాన దిగి ఉండాలి, లేదా పోయించుకున్నప్పుడే నీళ్లు వచ్చి ఉండాలి. కాబట్టి నిలబడిన ప్రతి బండి జబ్బునూ ఇథనాల్ మీదికి నెట్టలేం. అలాగని దాని ప్రభావం లేదనీ చెప్పలేం. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలులో ఉన్నదానిలో మూడింట రెండు వంతులే, కాబట్టి మైలేజీ కొంత తగ్గుతుంది. దానికి తగ్గట్టు తయారుకాని పాత బండ్ల రబ్బరు గొట్టాలు, సీళ్లు త్వరగా దెబ్బతినవచ్చు. పాత ట్యాంకులో పేరుకున్న మడ్డిని కరిగించి ఫిల్టరుకు చేరవేస్తుంది కూడా.

అనుమానం తీరాలంటే మెకానిక్ చేత కొద్దిగా పెట్రోలు తీయించి గాజు సీసాలో పోసి, పక్కన కొత్త పెట్రోలు పెట్టి చూడండి. ఆరుబయట, నిప్పుకు, స్విచ్చులకు దూరంగా. పాతది రంగు ముదిరి, వార్నిష్ లాంటి ఘాటు వాసన వస్తే చెడిపోయినట్టు. అడుగున వేరే పొర కనబడితే నీరు చేరినట్టు. ఈ రెండిటిలో ఏదున్నా ట్యాంకు ఖాళీ చేయించాల్సిందే. వాసన, రంగు మామూలుగా ఉంటే సగం ట్యాంకు కొత్త పెట్రోలు పోయించి కొంత దూరం నడపండి. చాలా బండ్లు దాంతోనే కుదుటపడతాయి.

డీజిల్ బండిలో కథ వేరు. డీజిల్ అంత తేలిగ్గా ఆవిరి కాదు కానీ, అడుగున చేరిన నీటికీ పైనున్న డీజిలుకూ మధ్య శిలీంధ్రాలు, బ్యాక్టీరియా పెరిగి నల్లటి జిగటలా తయారవుతాయి. అది ఫిల్టరును మూసేస్తుంది. ఇప్పటి డీజిల్ ఇంజన్లలో ఇంధనం వెయ్యి బార్లకు మించిన పీడనంతో పోతుంది. అంత పీడనంలో నీటిచుక్క పంపునూ ఇంజెక్టరునూ దెబ్బతీస్తుంది. ఫిల్టరు కింద నీరు వదిలే మర ఉంటుంది. స్టార్టు చేయకముందే దాన్ని తిప్పి నీరు వదిలించండి.

ఇంజను తప్పు కాకపోతే

ఇంజను బాగానే అరుస్తూ, బండి మాత్రం లాగకపోతే చక్రాల వైపు చూడాలి. హ్యాండ్ బ్రేకు వేసి నెలలు వదిలేస్తే లైనింగు డ్రమ్ముకు తుప్పుతో అతుక్కుపోతుంది. దించినా పూర్తిగా వదలదు. డిస్కు మీద పైపై తుప్పు మాత్రం నాలుగుసార్లు బ్రేకు వేస్తే పోతుంది, దానికి భయపడనక్కర్లేదు. పరీక్ష ఇదీ: బ్రేకు ఎక్కువ వాడకుండా ఐదు కిలోమీటర్లు నడిపి, ఆపి, నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టండి. ముట్టుకోవద్దు, సెగ తెలిస్తే చాలు. ఒక చక్రం మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే అక్కడ బ్రేకు పట్టేసింది.

వేగం పెరిగేకొద్దీ స్టీరింగు వణికితే టైర్లు కారణం. ఒకే చోట బరువు మోసిన టైరు అక్కడ చదునవుతుంది. గాలి సరిగ్గా పట్టించి కొంతసేపు నడిపితే టైరు వేడెక్కి మళ్లీ గుండ్రమవుతుంది. ఆ తర్వాతా వణుకు తగ్గకపోతే మార్చాల్సిందే.

పసుపు దీపం చెప్పే మాట

ఇవన్నీ సరిగ్గా ఉండీ మిస్సింగ్ పోకపోతే అప్పుడు స్కానరు. డ్యాష్‌బోర్డు మీద ఇంజను బొమ్మతో వెలిగే పసుపు దీపం వెనుక కంప్యూటరు రాసిపెట్టుకున్న కోడు ఉంటుంది, స్కానరు దాన్ని చదువుతుంది. పి0301 అంటే మొదటి సిలిండరులో మిస్‌ఫైర్, పి0302 అంటే రెండోదానిలో. పి0171 అంటే గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ. ఎలుక కొరికిన గొట్టానికీ, మూసుకున్న పెట్రోలు ఫిల్టరుకూ దారి చూపే కోడు ఇది. ఒకే సిలిండరులో మిస్‌ఫైర్ అయితే దాని ప్లగ్గుకు కరెంటు అందించే కాయిల్‌ను పక్క సిలిండరుకు మార్చి చూడమని మెకానిక్‌ను అడగండి. కోడు కూడా కాయిల్‌తో పాటు మారితే కాయిల్ చెడినట్టు. మారకపోతే ప్లగ్గు, ఆ తర్వాత ఇంజెక్టరు. పైసా ఖర్చు లేని ఈ పరీక్ష వేల రూపాయల సామాను కొనకుండా కాపాడుతుంది. ఆ దీపం ఆగి ఆగి వెలుగుతుంటే మాత్రం బండి వెంటనే ఆపాలి. మండని పెట్రోలు పొగగొట్టంలోకి పోయి, అక్కడి కెటలిటిక్ కన్వర్టరును కాల్చేస్తుంది. ఆ సామాను చాలా ఖరీదైనది.

పరీక్షలు చేసేటప్పుడు బండిని షెడ్డు బయటికి తెచ్చాకే ఇంజను నడపండి. కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మూసిన షెడ్డులో నడుస్తున్న ఇంజను ప్రాణం తీస్తుంది.

నిలపక తప్పకపోతే

ఊరు వదిలి వెళ్లేవాళ్లు చేయాల్సింది కొంచెమే. ట్యాంకు దాదాపు నిండుగా ఉంచితే లోపల గాలి తక్కువై, పెట్రోలు తక్కువ పాడవుతుంది. నెలకు మించి నడపకపోతే బ్యాటరీ మైనస్ తీగ తీసేయాలి. అలారం, తాళాల సంగతి ముందే బండి పుస్తకంలో చూసుకోవాలి. టైర్లలో గాలి నిండుగా పట్టించి, హ్యాండ్ బ్రేకు వేయకుండా గేరులో ఉంచి చక్రాలకు దిమ్మలు పెట్టాలి. షెడ్డులోంచి తిండిగింజల బస్తాలు తీసేయాలి.

అన్నిటికంటే మంచి మందు బండిని నడపడమే. వాకిట్లో ఐదు నిమిషాలు స్టార్టు చేసి ఆపితే మేలు కంటే కీడెక్కువ. స్టార్టుకు తాగిన కరెంటు తిరిగి నిండదు, ఇంజను వేడెక్కదు, మండగా పుట్టిన నీరు ఆయిల్లోనే ఉండిపోతుంది. పదిహేను రోజులకోసారి అరగంట రోడ్డు మీద తిప్పితే బ్యాటరీ చార్జవుతుంది, ఆయిల్లో నీరు ఆవిరవుతుంది, బ్రేకుల తుప్పు రాలిపోతుంది, ఎలుకకు గూడు కుదరదు. నాదెండ్ల నుంచి నరసరావుపేట వెళ్లి వస్తే సరిపోతుంది. ఊళ్లో లైసెన్సున్న నమ్మకమైన మనిషికి తాళం అప్పగించి, అమ్మనో నాన్ననో ముందు సీట్లో కూర్చోబెట్టి తిప్పమని చెప్పండి. బండీ బాగుంటుంది, పెద్దవాళ్ల పనీ ఒకటి గడుస్తుంది.